తవ్వని మడి

వాల్తేరు, విద్యార్థినుల వసతిగృహం
10 జూన్ 1966

వాదనలో తప్ప తక్కిన అన్నింటా నాకంటె పెద్దదైన అత్తకు లీలావతి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మావయ్యకు నడుము పట్టేసి మడిలోనే కూలబడిపోయాడనీ, పక్కింటి చిట్టెమ్మా నువ్వూ చెరొక రెక్కా పట్టుకుని లోపలికి తెచ్చారనీ చదివాక ఆ పూట భోజనశాలకు వెళ్లబుద్ధి కాలేదు. అక్కడ పెట్టేది ఎలాగూ భోజనం కాదు. గోధుమరవ్వను అన్నమని ఒప్పుకోమని మమ్మల్ని రోజుకు రెండుసార్లు బతిమాలుతున్నారు.

వచ్చే ఫిబ్రవరిలో పెద్ద డాక్టరు పరీక్ష అయ్యేదాకా పార ముట్టవద్దన్నారని వ్రాశావు. ఆ పరీక్షలో నడుము నిలవకపోతే మావయ్యను ఫిట్టరు పని నుంచి తప్పించి ఏ గేటు దగ్గరో బల్ల మీద కూర్చోబెడతారని కూడా వ్రాశావు. వయసంతా చక్రాల నడుమ తిరిగిన మనిషి గేటు దగ్గర కూర్చుంటే ఏమైపోతాడో నీకూ నాకూ వేరే చెప్పనక్కరలేదు. కాని నువ్వు అడిగిన ప్రశ్న వేరు. తవ్వవద్దంటే మడి వదులుకోవాలి కదా, ఈ రేషను బియ్యం రోజుల్లో మడి వదులుకుంటే కంచంలోకి ఏం వస్తుంది అన్నావు. ఆ ప్రశ్నలో మొదటి సగమే తప్పని నా వాదం. తవ్వడం మానితే సేద్యం మానినట్టు కాదు. అడవిని ఎవరు తవ్వారు? తవ్వకపోయినా అడవి ఏనాడైనా పస్తు పడుకుందా?

గ్రంథాలయంలో ఒక వ్యవసాయ పత్రిక చూశాను. పద్ధతి ఇది. ఎండుటాకులూ గడ్డీ కూరగాయల తొక్కలూ నేల మీద జానెడు మందాన పరచాలి. అక్కడక్కడ సందు చేసి విత్తనం పెట్టాలి. ఆకుల కింద తేమ నిలుస్తుంది, కలుపు లేవదు, కొన్నాళ్లకు ఆకులే ఎరువవుతాయి. మావయ్య తవ్వవలసినది వానపాములు తవ్విపెడతాయి. ఆ తరువాత మనిషి చేయవలసింది <u>ఏమీ లేదు</u>. ఆ రెండు మాటల కింద గీత గీశాను, మావయ్యకు చూపించు.

ఆయన ఆక్షేపణలు ఏవైనా ఉంటే వరుసగా వ్రాసి పంపు. ఖండిస్తాను.

నీ చేతి ముద్దలు తిని ఇంత నోరు పెంచుకున్న,
లీల


నిమ్‌పురా క్వార్టర్లు, ఖరగ్‌పూర్
27 జూన్ 1966

ఒలే లీలా,

అత్త దీవెనలు. ఏలకి తిన్నావా అని అడుగుదునుగాని, నువ్వు రాసింది సూస్తే తిన్నట్టే ఉంది, అంత బలంగా తిట్టినావు ఆ హాస్టలుని.

నీ ఉత్తరం మీ మావకి సదివినాను. సివరిదాకా ఇన్నాడు. ఇని, ‘అయితే మన పిల్ల కాలేజీలో పని ఎగ్గొట్టడం సదువుకుంటన్నాదన్నమాట’ అన్నాడు. అని నవ్వబోతే నడుం పట్టీసింది. దాంతో ఠీక్ హై అనీసినాడు. నువ్వు ఆక్షేపణలు పంపమన్నావు గదా, ఆయనకి ఒక్కటే ఆక్షేపణ. ‘పార పట్టకుండా ఊరికే సూస్తా కూకోడం నాకు సేతకాదు’ అన్నాడు. దాన్నేటి ఖండిస్తావో ఖండించు.

మన క్వార్టరు సంగతి నీకు తెలిసిందే. ఎనకాల బొగ్గుల గది, సందు. ఉన్న జాగా అంతా ముందరే, మెట్టు దిగితే మడి. నువ్వు సెప్పినట్టే మెట్టుదాకా ఆకులు పరిసీసినాడు. రోడ్డు పక్క దిరిసెన సెట్ల ఆకు, యాపాకు, సిట్టెమ్మ ఆవు తినగా మిగిలిన గడ్డి. ఆనప, బెండ, బీర ఇత్తులెట్టినాడు. సిట్టెమ్మ గోడమీంచి సూసి, ‘ఏటి పిన్నీ, ఇంట్లో సెత్త ఇంట్లోనే దాసుకుంటన్నారు’ అన్నాది. మా లీల పత్రికలో సదివింది అన్నాను. ఇంకాస్త గడ్డి గోడమీంచి అందించింది.

నువ్వు బెంగెట్టుకోకు. ఆయన పని ఆయన సేస్తన్నాడు, నా పని నాను సేస్తన్నాను. డాక్టరు మాట దాటటం నేదు.

రైలుపెట్టెలో కిటికీ కాడ కూకుంటే సెయ్యి బయటెట్టకు. ఇప్పుడు రైలెక్కటం నేదని తెలుసు, అయినా సెప్తన్నాను.

మీ అత్త సింహాచలం


వాల్తేరు
16 జూలై 1966

వెయ్యిమంది ముందు నా పక్షాన నిలబడి కూడా ఆ సంగతి తెలియని అత్తకు,

మొన్న శనివారం చర్చాపోటీ సభలో విషయం ఇది: దేశపు ఆహార సమస్యకు పరిష్కారం ఇంటి ముంగిట ఉన్నది. నేను అనుకూలం. సుబ్బరాజు ప్రతికూలం. భీమవరం వైపు పొలాలున్నవాడు, ట్రాక్టరు పేరెత్తితే దేవుడి పేరు విన్నట్టు లేచి నిలబడతాడు. లోతుగా దున్నకపోతే నేల పండదని గంభీరంగా సెలవిచ్చాడు. నేను లేచి ఒక్క ఉదాహరణ చెప్పాను. నిమ్‌పురాలో ఒక రైల్వే ఫిట్టరు ఉన్నాడు, నడుము దెబ్బ తిన్నది, పార ముట్టడు, అయినా ఆయన ఇంటి ముందు మడి పచ్చగా ఉన్నది. ఇక ఆ మడి అబద్ధమో మా మిత్రుని దుక్కి అబద్ధమో సభవారే తేల్చాలి అన్నాను. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే అధ్యక్షులు గంట కొట్టవలసివచ్చింది. కప్పు నాది.

సుబ్బరాజు మాత్రం ఒప్పుకోడు. ఆ మడి ఫొటో చూపిస్తే గాని నమ్మనంటున్నాడు. చిట్టెమ్మ తమ్ముడికి కెమెరా ఉండాలి కదా. ఆనపతీగ పందిరి ఎక్కిందా? బెండ పూత పట్టిందా? మావయ్య నడుము ఎలా ఉంది? నువ్వు ప్రతి ఉత్తరంలోనూ బెంగపడవద్దని వ్రాస్తావు, అది చదివిన ప్రతిసారీ నాకు బెంగ పుడుతుంది.

మావయ్య ఆక్షేపణకు సమాధానం: ఊరికే చూస్తూ కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. పాపం, ఆయనకు ఎవరూ నేర్పలేదు.

విజయగర్వంతో,
లీల


నిమ్‌పురా
2 ఆగస్టు 1966

ఒలే లీలా,

కప్పు గెలిసినావని రెండు వరసల క్వార్టర్లకీ సెప్పినాను. మీ మావ డూటీలో సెప్పుకున్నాడంట, టీలు కూడా ఇప్పించినాడంట. కప్పు ఇత్తడిదా, ఎండిదా? తోమాలంటే సింతపండు ఎట్టు.

ఫొటో వొద్దులే అమ్మా.

దాయడం ఎందుకు, మడిలో ఏటీ రానేదు. వాన కొట్టినప్పుడు మట్టి కొట్టుకుపోయి ఇత్తులు పైకి తేలీసినాయి. ఎండకాసినప్పుడు నేల పెచ్చు కట్టీసింది. బెండ రెండాకులేసి మాడిపోయింది. ఆనప ఇత్తులు సీమలు లాక్కుపోయినాయి. కలుపు మాత్రం బాగా వొచ్చింది. మీ మావ నడుంనొప్పి మునపటికన్నా ఎక్కువయింది. కూకుంటే లెగలేడు, లెగిస్తే కూకోలేడు. ఆస్పత్రి నూనె రాస్తన్నాను. ఆ పరీచ్చలో డాక్టరు వొంగమంటే ఈయనేటి వొంగుతాడని నాకు లోపల్లోపల దడగా ఉంది.

నీకు రాయొద్దన్నాడు. రాసినానని నువ్వు ఆయనకి రాయకు.

అత్త


వాల్తేరు
9 ఆగస్టు 1966

అత్తకు, మావయ్యకు,

ఈ ఉత్తరం ఇద్దరికీ. అత్తా, ఆయనకు వ్రాయవద్దన్నావు గాని తప్పడం లేదు; దీన్ని మావయ్యకు పైకి చదివి వినిపించు, మధ్యలో మెత్తబరచకు.

మావయ్యా, నేను ఆలోచించి వ్రాస్తున్నాను. ఆకులు కప్పిన నేల వానకు కొట్టుకుపోదు. ఆకులు కప్పిన నేల ఎండకు పెచ్చు కట్టదు. ఆకులు కప్పిన నేల మీద కలుపు లేవదు. ఇవి మూడూ జరిగాయంటే నేల మీద ఆకులు లేవన్నమాట. ఇక, తవ్వనివాడి నడుము నయమవుతుందే గాని ముదరదు. నీది ముదిరింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే నాకు ఒక్కటే కనిపిస్తున్నది: అత్త కళ్లుగప్పి నువ్వు ఆకులు పక్కకు నెట్టి పారతో తవ్వుతున్నావు.

నువ్వు తవ్వకుండా ఉండలేవని నాకు తెలుసు. అయినా ఒక్కమాట అడుగుతాను. గేటు దగ్గర బల్ల నీకు అంత ఇష్టంగా ఉందా? నేను వెయ్యిమంది ముందు నీ పేరు చెప్పకుండా నీ గొప్ప చెప్పాను. నన్ను అబద్ధాలకోరును చేసినా సహిస్తాను. నీ నడుమును చేజేతులా విరుచుకుంటే సహించను.

కోపంతోనే, కాని మరి దేనితోనూ కాదు,
లీల


నిమ్‌పురా
19 ఆగస్టు 1966

లీలా,

సదివినాను. మెత్తబరసనేదు.

మీ మావ ఇన్నాడు. కూకున్నోడు కూకున్నట్టే ఉండి, గోడకి ఆనించిన పార కేసి సూపించినాడు. సూద్దును గదా, దాని మూతికి సాలెపురుగు గూడు కట్టీసింది. ‘లీలకి రాయి, దీన్ని కదిపితే ఆ పురుగుకి కోపమొస్తాదని’ అన్నాడు. నవ్వుతా అన్నాడుగాని అన్నం సగమే తిన్నాడు. మూడు నెల్ల నుంచి పార ముట్టని మనిసిని పట్టుకుని ఎన్ని మాటలన్నావే.

నీ పత్రిక మాట ఆయన ఒక్కనాడు తప్పనేదు. డూటీ నుంచొచ్చి టీ అయినా తాగకుండా బుట్టట్టుకుని రోడ్డుకెల్తాడు. సెట్ల కింద ఆకులు ఏరి, మోసుకొచ్చి, వొంగి వొంగి మడంతా పరుస్తాడు. తెల్లారగట్ల నాను వాకిలూడ్సుకుంటాను గదా, మల్లీ సాయంత్రం తెస్తాడు. వానలో కూడా మాననేదు, తడిసిన ఆకు బరువని సెప్పినా ఇననేదు. ఇంతకన్నా ఏటి సెయ్యమంటావు?

కప్పు తోమినావా?

అత్త


వాల్తేరు
27 ఆగస్టు 1966

అత్తా,

నీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ‘తెల్లారగట్ల నాను వాకిలూడ్సుకుంటాను గదా.’

ముందుగా మావయ్యకు: నేను అన్నదంతా తప్పు, వెనక్కు తీసుకుంటున్నాను. సాలెపురుగుకు కూడా నా క్షమాపణలు చెప్పు.

ఇప్పుడు నీకు. అత్తా, ఆకులు పరచి వదిలెయ్యాలి. వదిలెయ్యడమే ఈ పద్ధతి, ఇందులో ఇంక వేరే ఏమీ లేదు. సాయంత్రం భర్త పరచినదాన్ని పొద్దున భార్య ఊడ్చిపారేస్తే, శ్రమ లేని సేద్యం కాస్తా భూలోకంలో కెల్లా కష్టమైన సేద్యం అవుతుంది. పారతో తవ్వినా ఏడాదికి రెండుసార్లే వంగేవాడు. నీ పుణ్యాన రోజూ వంగుతున్నాడు, బుట్ట కూడా మోస్తున్నాడు. ఆయన నడుమును ఆ మడి విరచలేదు, నీ చీపురు విరుస్తున్నది.

పొద్దున లేవగానే చెయ్యి చీపురు మీదికి పోవడం అలవాటు, కారణం లేని అలవాటు. కారణం అడగకుండా పాటించే ఆచారాన్ని మూఢత్వమంటారు, నేను ఇంకా మెత్తని మాట వెతికాను, దొరకలేదు. దయచేసి ఆ చీపురు అటక మీద పడెయ్యి. ఫిబ్రవరి దగ్గరకొస్తున్నది.

లీలావతి


నిమ్‌పురా
12 సెప్టెంబరు 1966

లీలావతికి,

సీపురు అటకమీద ఎట్టీసినాను. ఊడవనేదు, కల్లాపు సల్లనేదు, ముగ్గెయ్యనేదు. మెట్టుదాకా ఆకులే గదా, ముగ్గు ఎక్కడేస్తాను.

అలా కొన్నాల్లు ఉన్నాను. నిన్న ఆదివారం ఝపటాపూర్ నుంచి మన జోగమ్మ మీ మావని పలకరించడానికొచ్చింది. బొప్పాసికాయ తెచ్చింది. గేటు కాడ నిలబడి వాకిలి సూసింది. ముగ్గునేదు. ఆకులు ఎక్కడియక్కడే ఉన్నాయి. ఆ మనిసి లోపలికి రానేదు. అక్కడే కూలబడిపోయి, బొప్పాసికాయ వొళ్లో ఎట్టుకుని, ‘గణపతి బాబూ, ఎల్లిపోయినావా’ అని రాగం తీసీసింది.

మీ మావ లోపల పడుకుని ఇన్నాడు. తన ఏడుపు తనే ఇన్నాడు. గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చి, ‘ఇంకా ఉన్నాను జోగమ్మా, ఆ పండు ఇలాగియ్యి’ అన్నాడు. వరసంతా నవ్వినారు. ఆయనా నవ్వినాడు. నాకు నవ్వు రానేదు.

నువ్వు కారణం అడిగినావు, సెప్తన్నాను. వాకిలి ఊడ్సడం, ముగ్గెయ్యడం మానేది ఇంట్లో మనిసి పోయినప్పుడు. జబ్బు మనిసిని లోపలెట్టుకుని, ఆ పని నా సేత్తో నానే మానుకోవాలా? తెల్లారి నాను ఊడ్సిన సప్పుడయితే ఈ ఇంట్లో అందరూ ఉన్నారని. అంతే. ఇంకేటీ నేదు. ఇది ఆయనకి తెలుసు. అందుకే నన్ను ఊడవొద్దని ఒక్కనాడూ అననేదు. మల్లీ తెచ్చి పరుసుకున్నాడు.

సీపురు దించీసినాను. నీ మాట దాటినాను. నువ్వు సిన్నదానివి అప్పుడు, నీకు గుర్తుండదు.

సింహాచలం


వాల్తేరు
20 సెప్టెంబరు 1966

అత్తా,

గుర్తుంది. నీ ఉత్తరం చదివేదాకా గుర్తున్నదని తెలియదు.

అమ్మ పోయిన రోజుల్లో మా క్వార్టరు వాకిట్లో వేపాకులు రాలి మేటలు పడ్డాయి. ఎవరూ ఊడవలేదు. నేను ఆ ఆకులతో ఇల్లు కట్టుకుని ఆడాను. ఎవరూ తిట్టలేదు, లోపలికి రమ్మనలేదు, అది సెలవేమో అనుకుని సంతోషించాను. అప్పుడు నువ్వు వచ్చావు. మైల తీరిన మర్నాడు తెల్లవారకముందే చీపురు చప్పుడు వినిపించింది. లేచి వచ్చి చూస్తే నా ఆకుల ఇల్లు లేదు, ఏడ్చాను. నువ్వు నన్ను చంకనెత్తుకుని, నా వేళ్ల సందున ముగ్గుపిండి పెట్టి, నా చేతిని నీ చేత్తో పట్టుకుని గీత గీయించావు. ఇల్లు మళ్లీ ఇల్లయింది ఆ పూటనే. దానినే నేను కారణం లేని అలవాటు అన్నాను.

నిన్న సభలో లేచి, నేను చెప్పిన మడిలో ఒక్క బెండకాయా కాయలేదని చెప్పాను. ఎందుకని అడిగారు. చెప్పాను. సుబ్బరాజు గెలిచినట్టు మొహం పెడతాడనుకున్నాను. అతను మాత్రం, తన తల్లి అయినా ఊడవకుండా ఉండలేదన్నాడు, కాసేపటికి ట్రాక్టరు సంగతి కూడా మరచిపోయాడు.

ఈసారి వాదన లేదు, ఒక్క కబురు ఉంది. ఆనప కాలం దాటిపోయింది గాని నవంబరులో బంగాళాదుంపకు అదను వస్తుంది. విత్తనపు దుంపలు నేల మీద ఊరికే పెట్టి, పైన గడ్డి మందంగా కప్పితే చాలునట. పాతనక్కరలేదు, ఊరాక తవ్వనక్కరలేదు, గడ్డి ఎత్తి ఏరుకోవడమే. కాని వెలుతురు తగిలితే దుంప పచ్చబడి తినడానికి పనికిరాదు కాబట్టి ఆ గడ్డి కదలకూడదు.

ఒకే వాకిట్లో ఆ గడ్డీ నీ ముగ్గూ ఎలా ఇముడుతాయో పత్రికలో లేదు. నాకూ తెలియదు. వదిలెయ్యాలనిపిస్తే వదిలెయ్యి. కూరలు కొనుక్కుందాం, నేను హాస్టలు రవ్వ మీద ఫిర్యాదులు మానుకుంటాను. నువ్వు మాత్రం ఊడ్చు. వాల్తేరు దాకా వినపడేటట్టు ఊడ్చు.

నీ
లీల


నిమ్‌పురా
24 ఫిబ్రవరి 1967

ఒలే లీలా,

ఇన్నాల్లు కార్డు ముక్కలే రాసి, ‘కులాసా’ అని సరిపెట్టినాను. కావాలనే. సెప్పి పండకపోతే నువ్వు మల్లీ సభలో లెగిసి నిలబడాల గదా.

ఇప్పుడు ఇను. నీ ఉత్తరమొచ్చినాక నాను మెట్టు మీద కూకుని వాకిలికేసి సూసినాను. సూసి, మెట్టు దిగినంత మేర నాది అనీసినాను. అక్కడ కల్లాపు, అక్కడ ముగ్గు. ఆ అవతల మడి సుట్టూతా నాలుగు పక్కలా ముగ్గుతోటే గీత గీసినాను, మూలలకి పువ్వులేసినాను. గీతకి ఇవతల ఉన్నది వాకిలి, సీపురుది. గీత లోపల ఉన్నది మడి, మీ మావది. దినమూ తెల్లారి ఊడ్సి ఆ గీత మల్లీ దిద్దుతాను. గేటు కాడ నిలబడి సూసినోల్లకి ముగ్గు కనిపిస్తాది, మడికి పట్టుసీర అంచులాగుంటాది. జోగమ్మ వొచ్చి సూసి, గేటు దాటి లోపలికొచ్చింది.

ఇత్తనపు దుంపలు ఊల్లో ఇందా పేట బజారులో కొన్నాను. ఆ ఆలూ అమ్మే దాదా ఊరికే కప్పటం కాదు దీదీ, సెరువులో తేలే కొచురిపానా ముందెట్టి దానిమీద గడ్డెట్టు, తడి పోదు అన్నాడు. మన గుర్రపుడెక్కే, ఆ ఊదాపువ్వులు నువ్వు సిన్నప్పుడు కోసుకొచ్చి నాసేత దెబ్బలు తిన్నావు. సిట్టెమ్మ మొగుడు బండిమీద తెచ్చి పడేసినాడు. మీ మావ పీటమీద కూకుని దుంపలు పేర్సినాడు. ఆ తరవాత ఆయన సేసిందేటీ నేదు. సాయంత్రం డూటీ నుంచొచ్చి టీ గళాసట్టుకుని మెట్టు మీద కూకుని, మడికేసి సూస్తా ఉండేవోడు. అయినా కూకోడం రావటం నేదని గొణుక్కునేవోడు. ఇప్పుడు బాగానే వొస్తంది, లెగమంటే లెగడు.

మొన్న సోమవారం పరీచ్చ అయింది. వొంగమన్నాడంట, వొంగినాడంట. నేలమీంచి డాక్టరు పెన్ను తీసియ్యమన్నాడంట, తీసిచ్చినాడంట. ఫిట్ అని రాసినాడు. మరీ బరువులు మాత్రం ఎత్తొద్దన్నాడు. మీ మావ ఇంటికొచ్చినాడు. తిన్నగా మడికాడికెల్లి పీటేసుకుని, గడ్డి ఒక పక్కకి మడిసినాడు.

దుంపలు నేలమీదే ఉన్నాయే. గంప కింద కోడిగుడ్లున్నట్టు. మట్టి కూడా అంటనేదు. ఒకటి తీసి సేత్తో తుడిసి, నాకిచ్చి, ‘సింహాచలం, పని ఎగ్గొట్టటానికయినా సదువు ఉండాల్నే’ అన్నాడు. కల్లల్లో నీల్లున్నాయి, గడ్డి నుసి పడిందన్నాడు.

ఈ ఉత్తరం తెచ్చిన గార్డుబాబు సేత సంచి పంపినాను. హాస్టల్లో ఉడకెట్టించుకుని ఉప్పేసుకుని తిను. ఆ సుబ్బరాజు అబ్బాయికి రెండు ఇయ్యి, ఫొటోకి బదులు.

ఈ పొద్దు ఊడుస్తంటే గడ్డిపరక ఒకటి గాలికి ముగ్గు దాటి నా వాకిట్లోకొచ్చీసింది. సీపురు ఆపి, వొంగి తీసి, గీత లోపల ఏసినాను.

నీ సేత గీత గీయించిన
అత్త